అరవై రెండో పేజీ

దేవప్రసాద్ స్టీలు స్కేలుకి పౌడరు అద్ది, అంటుకుపోయిన రెండు కాగితాల మధ్య సందు కోసం వెతికాడు. కింది మూలన కాస్త చోటు దొరికింది. స్కేలు కొస అక్కడ పెట్టి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పైకి కదిపాడు. కాగితం చిన్నగా చప్పుడు చేసి ఊడింది. అక్షరాలు చెదరలేదు. వేళ్ళతో ఒకసారి నిమిరి, చిటికెడు పౌడరు చల్లి, తర్వాతి కాగితానికి వెళ్ళాడు.

పైన రేకుల మీద వాన సన్నగా పడుతూనే ఉంది. మేలో మొదలైన తడి నవంబరు దాకా ఆరదు ఈ దీవుల్లో. బట్టలు ఆరవు, అగ్గిపెట్టె వెలగదు, కాగితం కాగితాన్ని పట్టుకుని వదలదు. సర్కారు ప్రెస్సులో బైండింగ్ పని ముప్పై ఒక్క ఏళ్ళు చేసినవాడికి ఇవి చెప్పక్కర్లేదు. తను చేరిన మొదటి వారమే అక్కడి పెద్ద మేస్త్రీ ఒక మాట చెప్పాడు. మనుషులు తిప్పే పుస్తకం అంటుకోదు, దానికి పౌడరు అక్కర్లేదు అని. అందుకే దేవప్రసాద్ కొత్తగా వచ్చిన పుస్తకాలకి మాత్రమే పౌడరు వేస్తాడు. బీరువాల్లో ఉన్నవాటి జోలికి పోడు. వాటిని జనం తీసుకెళ్తున్నారు కదా.

డాలీగంజ్‌లో తెలుగు చర్చి వెనకాల ఉన్న ఒంటిగది అది. తలుపు మీద పఠన మందిరం అని తెలుగులోనూ హిందీలోనూ రాసి ఉంటుంది. నాలుగు బీరువాలు, ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. బదిలీ మీద వెనక్కి పోయేవాళ్ళు ఓడ ఎక్కే ముందు మోయలేక ఇచ్చిపోయిన పుస్తకాలే అన్నీ. నిన్న మాయాబందర్ నుంచి ఇంకో ట్రంకు పెట్టె వచ్చింది. దాన్ని బస్సులోంచి తనే దించుకున్నాడు. అప్పట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. పెట్టె బరువే అనుకుని కొంచెం బామ్ రాసుకున్నాడు.

అతను పొట్టి మనిషి. చెవుల దగ్గర కళ్ళద్దాలకి దారం కట్టి ఉంటుంది. కుడి బొటనవేలి గోరు కాగితం మడతలు నొక్కీ నొక్కీ పలకలా చదునైంది. జిగురులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం నీలి మరక గోళ్ళ చుట్టూ ఎన్ని సబ్బులు పెట్టినా పోలేదు. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ వేళ్ళు చూసి ఎవరైనా అతని పని చెప్పేయగలరు.

అయితే డాలీగంజ్‌లో అతన్ని ఎవరూ బైండరు అనరు. చీటీ అంకుల్ అంటారు.

ప్రతి పుస్తకం ముందు అట్ట లోపల చిన్న కాగితం సంచి అంటిస్తాడు. అందులో పాత క్యాలెండరు అట్ట మీద రాసిన చీటీ ఒకటి పెడతాడు. పైన తెలుగు, కింద హిందీ. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు ధారాళంగా మాట్లాడతారు గానీ అచ్చు అక్షరాలు చూస్తే తడబడతారు. అందుకని గుండ్రంగా, పెద్దగా, మాటకీ మాటకీ ఎడం ఇచ్చి రాస్తాడు. పుస్తకం ఆఖరి పేజీ దాకా చదవనిదే చీటీ రాయడు. ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. కొబ్బరి సాగు పుస్తకానికి, "రాసినాయన ఎప్పుడూ చెట్టు ఎక్కినట్టు లేదు. ఎరువుల గురించి మాత్రం వినండి" అని రాశాడు. హిమాలయ యాత్రకి, "చలి బాగా చెప్పాడు. మన ఉక్కలో చదివితే హాయి." ఒక అపరాధ పరిశోధన నవలకి, "హంతకుడెవరో నలభయ్యో పేజీలోనే తెలిసిపోతుంది. ఆ వంటవాడి కోసం చదవండి." వాస్తు పుస్తకానికి, "సర్కారు క్వార్టర్లలో ఉండేవాళ్ళు అనవసరంగా దిగులు పడకండి." గుండె జబ్బుల పుస్తకానికి, "భయస్తులు ఎనభై ఎనిమిదో పేజీ వదిలేయండి." ఒక కవితల పుస్తకానికి, "మూడో కవిత నాకు అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు వచ్చి చెప్పగలరు."

ఆ చీటీ రాసి ఆరేళ్ళయింది. చెప్పడానికి ఎవరూ రాలేదు. కవిత్వం కష్టమేలే అనుకున్నాడు.

ఎనిమిదింటికి సుందరి గొడుగు దులుపుకుంటూ వచ్చి టిఫిను డబ్బా బల్ల మీద పెట్టింది. భార్య పెట్టిన డబ్బాని పుస్తకాలకి ఆమడ దూరం జరిపాడతను.

"మీ పుస్తకాలకి నూనె అంటుకుంటే మాత్రం నా ప్రాణం తీస్తారు. నా వంటని మాత్రం ఊరంతా అంటిస్తారు," అంది సుందరి.

"ఏమైందిప్పుడు?"

"నిన్న ప్రార్థన కూటంలో ఒకామె పట్టుకుంది. ఆంటీ, మీరు పనసకాయ పచ్చడి పట్టారంట కదా, ఎన్నాళ్ళు నిలవుంది అని. నేనెప్పుడు పట్టానండీ పనసకాయ పచ్చడి?"

దేవప్రసాద్ నవ్వాడు. "వంటల పుస్తకం చీటీ అది. మా ఇంట్లో చేసి చూశాం అని రాస్తే గానీ తీసుకెళ్ళట్లేదు. అంతకుముందు మూడేళ్ళు ఎవరూ ముట్టలేదు దాన్ని."

"అందుకని అబద్ధం రాస్తారా?"

"పుస్తకంలో ఉన్నది నిజమే కదా. మనం చేశామా లేదా అన్నది చిన్న మాట."

"మీ చిన్న మాటకి నేను పనసకాయ కొయ్యాలిప్పుడు," అంటూ ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి గవరయ్య వచ్చాడు. బోటు నడిపే సారంగుగా చేసి రిటైరైన ముసలాయన. నేల మీద నడిచినా డెక్కు మీద నడిచినట్టే కాళ్ళు ఎడంగా వేస్తాడు. సంచీలోంచి అపరాధ పరిశోధన నవల తీసి బల్ల మీద పడేశాడు.

"ఒరే ప్రసాదూ, ఆ వంటవాడు బలేవాడ్రా. చదివినంతసేపూ వాడే కళ్ళముందున్నాడు."

"ఎక్కడ నచ్చాడు బాబాయ్?"

"అంతా వాడేగా. ఇంకోటివ్వు. సముద్రం ఉండాలి, ఏడుపు ఉండకూడదు. బస్."

దేవప్రసాద్ లేచి రెండో బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఇలా అడిగేవాళ్ళంటే అతనికి ప్రాణం. సముద్రం ఉండాలి, ఏడుపు ఉండకూడదు. ఏ పుస్తకమో క్షణంలో చేతికి తెలిసిపోతుంది. తన జీవితంలో ఇంకెవరూ తనని ఇలా వచ్చి అడిగింది లేదు. ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళూ కట్టింది రిజిస్టర్లు. వాటి లోపల ఏముందో ఎవరూ అడగరు, తెలుసుకోవాల్సిన పనీ లేదు.

పుస్తకం తీసి ఇచ్చేలోగా బయట స్కూటరు ఆగిన చప్పుడయింది. కెల్విన్ లోపలికి వచ్చాడు. జెట్టీలో సామాను దించే పని చేసే కుర్రాడు. పెళ్ళయి రెండేళ్ళయింది. భార్య ఫేబే వారం వారం ఇక్కడికొస్తుంది, ఎనిమిది నెలల పాపని చంకనేసుకుని. తొమ్మిదో క్లాసులో చదువు ఆపేసిన పిల్ల. ప్రతిదానికీ భయం ఆ అమ్మాయికి. పాప ఎక్కువ నిద్రపోయినా భయమే, నిద్రపోకపోయినా భయమే. చీటీ అక్కడే రెండుసార్లు చదువుకుని, ఇది మంచి పుస్తకమే కదా అంకుల్ అని మూడోసారి అడిగి గానీ తీసుకెళ్ళదు.

కెల్విన్ వానలో తడిసిపోయి ఉన్నాడు. చేతిలో పాలిథీన్ కవరు, దాంట్లో ఒక పుస్తకం.

"అంకుల్, జల్దీ రండి. డాక్టరుకి ఇది చదివి చెప్పాలి."

"ఏం డాక్టరు? ఏమైంది?"

"క్యారొలిన్‌కి ఫిట్స్ వచ్చాయి. పొద్దున ఐదింటికి. ఈ పుస్తకంలో ఉన్న దవాయి రాసింది ఫేబే. ఎంత రాసిందో, ఏం కలిపిందో డాక్టరు మేడం అడుగుతోంది. తెలుగు పుస్తకం, అక్కడ ఎవరికీ చదవడం రావట్లేదు. నాకూ రాదు."

కవరులోంచి అట్ట కనిపించింది. గృహ వైద్యం. నీలం అట్ట. దాని వీపుకి కొత్త గుడ్డ తనే వేశాడు.

దేవప్రసాద్‌కి ముందు పుస్తకం గుర్తొచ్చింది. తర్వాత చీటీ గుర్తొచ్చింది. గవరయ్య ఏదో అంటున్నాడు. స్కేలు చేతిలో ఉందని చూసుకుని బల్ల మీద పెట్టి, తలుపు వేయకుండానే స్కూటరు ఎక్కాడు.

వాన ముఖానికి కొడుతుంటే దేవప్రసాద్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు, చెట్లు, ఎదురొచ్చే బస్సులు అన్నీ ఒకటే బూడిద రంగు ముద్దలా కనిపించాయి. చీటీలో ఏం రాశాడో మాత్రం అక్షరం అక్షరం స్పష్టంగా కనిపించింది. "జలుబుకి కర్పూరం, కొబ్బరినూనె. అరవై ఒకటో పేజీ. రాత్రి రాస్తే పొద్దునకి తేలిక. మా ఇంట్లో చేసి చూశాం."

పెద్దాసుపత్రి పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. క్యారొలిన్ దాని మీద పడుకుని ఉంది. మంచం మరీ పెద్దదిగా కనిపించింది. చిన్న ముక్కుకి గొట్టం, చేతికి కట్టు, కట్టు మీద ఎవరో పెన్నుతో టైం రాశారు. కళ్ళు మూసి ఉన్నాయి. గుండె మాత్రం పిచ్చుక గుండెలా ఎగురుతోంది. పక్కన స్టూలు మీద ఫేబే కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పాప పాదం ఒకటి గుప్పిట్లో పట్టుకుని, ఆ గుప్పిటనే చూస్తోంది. దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా కర్పూరం వాసన వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. హిందీలో అడిగింది, ఎంత కర్పూరం, ఎంత నూనె, ఎక్కడెక్కడ రాయమని ఉంది అని.

దేవప్రసాద్ కళ్ళద్దాలు పెట్టుకుని అరవై ఒకటో పేజీ తీశాడు. చారెడు కొబ్బరినూనె, అందులో పెసరగింజంత కర్పూరం, వీపుకీ రొమ్ముకీ. తెలుగులో చదివి హిందీలో చెప్పాడు. డాక్టరమ్మ ఫేబే వైపు తిరిగింది.

"నాలుగు బిళ్ళలు," అంది ఫేబే. "చీటీలో ఎంత అని లేదు కదా. మా ఇంట్లో కర్పూరం ఎక్కడుంటుంది అంకుల్. పక్కింటి రామలక్ష్మి దీదీ దేవుడి దగ్గర పెట్టుకునేవి అడిగి తెచ్చాను. గొంతుకీ ముక్కు కిందా కూడా రాశాను. ముక్కు బాగా మూసుకుపోయింది అని."

డాక్టరమ్మ రాసుకుంది. ఇంకా ఏమైనా ఉందా అని అడిగింది.

దేవప్రసాద్ కాగితం తిప్పాడు. అరవై నాలుగు వచ్చింది. మళ్ళీ వెనక్కి తిప్పాడు. అరవై ఒకటి. కాగితం వేళ్ళ మధ్య మందంగా తగిలింది. రెండు కాగితాల మందం. మధ్యలో అరవై రెండూ అరవై మూడూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

కానీ అక్కడ ఏముందో అతనికి తెలుసు. ఆరేళ్ళ కిందట చదివాడు. చదివింది మరిచిపోయే మనిషి కాదు.

"రెండేళ్ళ లోపు పిల్లలకి కర్పూరం ఏ విధంగానూ వాడరాదు. ముక్కు దగ్గర అసలు రాయరాదు. ప్రాణానికి ప్రమాదం," అన్నాడు. చూడకుండానే అన్నాడు. అని, హిందీలో కూడా చెప్పాడు.

డాక్టరమ్మ తల ఊపింది. చెప్పడం మంచిదైందని, పని తేలికైందని, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనని అని వెళ్ళిపోయింది.

ఫేబే అప్పుడు మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది.

"మీకు తెలుసన్నమాట."

దేవప్రసాద్ పుస్తకం మూశాడు.

"ఆ మాట చీటీలో లేదు కదా అంకుల్."

"చోటు చాల్లేదమ్మా," అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవులకే వినిపించింది. "పేజీ నంబరు వేశాను. లోపల చదువుతారు కదా అని."

"పుస్తకం నేనెక్కడ తెరిచాను. చీటీ చదివితే అంతా ఉంటుంది కదా. మీరు పెద్దవాళ్ళు, మీ ఇంట్లో చేసి చూశారని ధైర్యం. చూశారు కదా?"

వార్డులో ఎక్కడో ఇంకో పిల్లాడు ఏడుస్తున్నాడు. కెల్విన్ గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

"లేదమ్మా," అన్నాడు దేవప్రసాద్.

తిట్టి ఉంటే బాగుండేది. ఫేబే తల దించి మళ్ళీ పాప పాదం వైపు చూసుకుంది. కెల్విన్ తలెత్తకుండానే అన్నాడు, "మీరు ఇంటికి వెళ్ళండి అంకుల్."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పుస్తకం ఒళ్ళో ఉంది. నవంబరు వానలో చెమట పట్టింది. కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ ఎక్కడికో చెప్పలేకపోయాడు. పాప పేరు మనసులో అనుకుంటూ ప్రార్థన చేద్దామనుకున్నాడు. మాటలు రాలేదు. నాలుగు బిళ్ళలు, నాలుగు బిళ్ళలు అన్నదే తిరుగుతోంది. పెసరగింజంత అన్న ఒక్క మాట రాయడానికి ఎంత చోటు పడుతుంది?

గది తలుపు తీసే ఉంది. గవరయ్య కుర్చీలో కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"పిల్లకెలా ఉందిరా?"

"సాయంత్రం దాకా తెలీదంట."

దేవప్రసాద్ బల్ల దగ్గర నిలబడి పుస్తకాలు ఇచ్చే నోటుబుక్కు తీశాడు. గృహ వైద్యం. ఆరేళ్ళలో పంతొమ్మిది మంది తీసుకెళ్ళారు. పంతొమ్మిది పేర్లూ తనే రాశాడు. పంతొమ్మిది మంది తిప్పిన పుస్తకంలో ఆ కాగితం ఎందుకు అంటుకుంది?

పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి వదిలాడు. మనుషులు చదివిన పుస్తకం వదిలితే విచ్చుకుంటుంది. ఇది ఇటుకలా నిలబడింది. అరవై రెండే కాదు. పన్నెండు నుంచి ఇరవై దాకా ఒకే ముద్ద. నూట పది తర్వాత అంతా ముద్దే. చీటీ మాత్రం అంచులు నలిగి, వేళ్ళ మరకలతో మెత్తగా గుడ్డలా అయిపోయింది.

అతను బీరువా తెరిచాడు. హిమాలయ యాత్ర. ఇరవై రెండు మంది. వదిలితే విచ్చుకోలేదు. వంటల పుస్తకం, పదిహేడు మంది, పనసకాయ పచ్చడి ఉన్న పేజీ ఊడలేదు. కొబ్బరి సాగు. వాస్తు. గుండె జబ్బులు. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద నిలబెట్టి వదిలాడు. ఒక్కొక్కటీ ఇటుకలా నిలబడింది. తనకి అన్నిటికంటే ఇష్టమైన ఓడ నవల తీశాడు. ముప్పై ఒక్క మంది తీసుకెళ్ళిన పుస్తకం. డాలీగంజ్‌లో చదవని ఇల్లు లేదు అని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. నూట నాలుగో పేజీలో పదకొండేళ్ళ కిందటి బోటు టికెట్టు ఉంది. గుర్తుకోసం తనే పెట్టుకున్నది. టికెట్టు సిరా కాగితం మీదికి దిగి, ఆ పేజీ మీద తేదీ తలకిందులుగా అచ్చయింది. ముప్పై ఒక్క మందిలో ఒక్కరు కూడా దాన్ని కదిపి చూడలేదు.

"బాబాయ్," అన్నాడు. "ఆ వంటవాడు చివర్లో ఏమైపోయాడు?"

గవరయ్య కళ్ళు చికిలించాడు. "ఏ వంటవాడు?"

"నువ్వు పొద్దున తెచ్చిచ్చిన పుస్తకంలో."

"ఆడా. ఆ సంగతి నువ్వు చీటీలో రాయలేదు కదరా."

బయట ఎవరో రేకు బకెట్టులో వాన నీళ్ళు పడుతున్న చప్పుడు. గవరయ్యకి అతని ముఖం చూసి ఏదో తప్పు మాట్లాడానేమో అనిపించింది.

"చదవలేదా బాబాయ్?"

"నీ చీటీ చదివితే పుస్తకం చదివినట్టేరా. అందరం అంతే. నువ్వు రాసే తీరు అలాంటిది. పుస్తకం ఎవడికి కావాలి, కళ్ళు నొప్పి. ఇంట్లో పెట్టుకుంటే మర్యాదగా ఉంటుంది, వారం అయ్యాక తెచ్చిచ్చేస్తాం. పుస్తకం వద్దని చీటీ ఒక్కటే అడిగితే నువ్వు బాధపడతావని." గవరయ్య ఆగి, మెత్తగా అన్నాడు, "ఏరా, నీకు తెలీదా?"

తెలీదు. పదకొండేళ్ళుగా ఆదివారం ఆరాధన అయ్యాక ఈ గది ముందు చెప్పులు గుంపుగా ఉంటే చూసి పొంగిపోయేవాడు. మొదట్లో చీటీ అంటే ఒకటే వరస. తర్వాత ఎవరో బాగుంది అంకుల్ అన్నారు. రెండు వరసలయ్యాయి. ఇంకెవరో ఫోనులో ఫోటో తీసుకుని చర్చి గ్రూపులో పెట్టారు. నాలుగు వరసలయ్యాయి. కథ మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. పేజీల మధ్య ఉండాల్సిన రుచంతా తీసుకొచ్చి అట్ట మీద పెట్టాడు. వాళ్ళు తెరవలేదంటే తెరవాల్సిన పని లేకుండా చేసింది తనే. మా ఇంట్లో చేసి చూశాం అని ఆ ఆఖరి అబద్ధం కూడా తనే.

ఎడమ భుజం నుంచి నొప్పి మోచేతి దాకా దిగింది. గుండె జబ్బుల పుస్తకంలో ఎనభై ఎనిమిదో పేజీ గుర్తొచ్చింది. ఆ పేజీలో ఏముందో ఈ డాలీగంజ్ మొత్తంలో తనొక్కడికే తెలుసు. భయస్తులు వదిలేయండి అని తనే రాశాడు. ఇప్పుడు తన సంగతి ఎవరికి కావాలి, నిన్న పెట్టె మోశాను కదా అనుకున్నాడు.

గవరయ్య భోజనానికి వెళ్ళిపోయాడు. సుందరి ఫోను చేస్తే, వస్తాను, పాప సంగతి తెలిశాక వస్తాను అన్నాడు. డబ్బా మూత తీయలేదు.

మధ్యాహ్నం అంతా చీటీలు తీస్తూ కూర్చున్నాడు. మొదట వైద్యం పుస్తకాలవి, తర్వాత వంటలవి, తర్వాత నవలలవి. తీసిన చీటీలు బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. కవితల పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. అర్థమైనవాళ్ళు వచ్చి చెప్పగలరు. ఆ చీటీ ఒక్కటీ చాలాసేపు పట్టుకుని, తిరిగి సంచిలోనే పెట్టాడు.

నాలుగున్నరకే వెలుతురు తగ్గిపోయింది. ఇక్కడ ఐదు దాటితే చీకటే. దేవప్రసాద్ లైటు వేసి, గృహ వైద్యం ముందు పెట్టుకున్నాడు. రేపు ఫేబేకి ఇది ఇవ్వాలి. చీటీ లేకుండా ఇవ్వాలి. ఆ అమ్మాయి తీసుకోకపోవచ్చు, మొహాన కొట్టొచ్చు. అయినా తెరిస్తే తెరుచుకునేలా ఉండాలి పుస్తకం. స్కేలుకి పౌడరు అద్దాడు. అరవై రెండుకీ అరవై మూడుకీ మధ్య కింది మూలన సందు వెతికాడు. దొరికింది. ఊపిరి బిగబట్టి నెమ్మదిగా పైకి కదిపాడు.

ఐదూ పదికి కెల్విన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి వానకోటు విప్పుతూనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఫోను చేస్తే ఎత్తరేంటి అంకుల్. నాలుగుసార్లు చేశాను. క్యారొలిన్ కళ్ళు తెరిచింది. పాలు కూడా తాగింది, కొంచెమే, కానీ తాగింది. డాక్టరు మేడం ఫికర్ లేదంది, రేపొక్క రోజు ఉంచుతారంట." కోటు మేకుకి తగిలించాడు. నీళ్ళు నేల మీద కారుతుంటే కాలితో పక్కకి తోశాడు. "పొద్దున నేను కొంచెం అదిగా మాట్లాడాను. ఏం చెయ్యను, చేతిలోనే బిగుసుకుపోయింది పాప. ఫేబే మీ మీద ఏమీ పెట్టుకోలేదు. అంకుల్‌కి చెప్పిరా, ఆయన అన్నం తిని ఉండరు అని తనే పంపింది. ఆ పేజీలో ఇంకేం రాసుందో తనే చదువుతుందంట, కూడబలుక్కుని. మీరు దగ్గర కూర్చుంటారా అని అడగమంది."

దేవప్రసాద్ తల వంచి పుస్తకం చూస్తున్నాడు. కళ్ళద్దాలు ముక్కు కొసకి జారి ఉన్నాయి.

"అంకుల్," అన్నాడు కెల్విన్. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీయలేకపోయాడు.

శనివారం దేవప్రసాద్‌ని సమాధి చేశారు. ఆ తర్వాతి బుధవారం సుందరి గది తాళం తీసి, ఏం చెయ్యాలో తెలియక కుర్చీలో కూర్చుంది. ఫేబే పాపని చంకనేసుకుని వచ్చింది. ఆ పుస్తకం ఇవ్వండి ఆంటీ అంది. సుందరి బల్ల వైపు చూపించింది. అది ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. సంచిలో చీటీ లేదు. గవరయ్య వచ్చి స్కేలు లాగబోతే సుందరి వద్దందట, లాగితే కాగితం చిరుగుతుంది, ఆయనకి కోపం వస్తుంది అని.

ఫేబే పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విడిపోయిన కింది సగంలో అక్షరాల మీద వేలు పెట్టి, "రెం, డే, ళ్ళ, లో, పు," అని నెమ్మదిగా కూడబలుక్కుంది. క్యారొలిన్ చెయ్యి చాపి మెరుస్తున్నదాన్ని పట్టుకోబోయింది. ఫేబే ఆ చిన్న గుప్పిటని పట్టి ఆపింది.

పేజీ పై సగం ఇంకా అంటుకునే ఉంది. దాని అంచున స్టీలు స్కేలు, పౌడరు మీద ఒక చదునైన బొటనవేలి గుర్తుతో, ఆగినచోటే ఉంది.